అత్తగారు మాట్లాడని సెలవులు

“ఎగిరి గంతెయ్యాల్సింది పోయి అలా కొయ్యబారిపోయావేమే? వచ్చేది నీ కూతురేగా,” అన్నారు అత్తగారు.

కోడలు ఫోను చేత్తో పట్టుకునే నిలబడి ఉంది. “రేపే బయల్దేరుతున్నానమ్మా, సెలవులయ్యేదాకా నిన్ను అంటిపెట్టుకునే ఉంటాను...” అన్న గొంతు ఇంకా చెవిలో ఉంది. ఆ మాటకు గుండె పొంగింది. పొంగిన చోటే ఏదో చల్లగా పాకింది. కడుపున పుట్టిన పిల్ల ఇంటికొస్తుంటే భయపడే తల్లి ఎక్కడైనా ఉంటుందా... ఇదిగో, ఇక్కడ ఉంది.

రెండేళ్లుగా ఆమె చూపు అంచుల నుంచి కుంచించుకుపోతోంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కొంత మేర కనిపిస్తుంది. పక్కనున్నదీ కిందున్నదీ లేనట్టే. వెలుతురు తగ్గితే ఆ కాస్తా పోతుంది. ఎవరికీ చెప్పకుండా వెళ్లి చూపించుకుంటే, ఇది ఆగే జబ్బు కాదన్నాడు డాక్టరు. వేసవి సెలవుల్లో ఎండ ఆమె పక్షాన నిలబడింది. చలికాలం అలా కాదు. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం దాటితే మసక. అందరూ ముసుగుతన్ని హాయిగా పడుకునే ఈ సెలవులంటే ఆమెకు అందుకే వణుకు.

పోయినేడు మెట్టు కనబడక పడి కాలు విరగ్గొట్టుకుంది. జారిందని చెప్పింది. కూతురు పరీక్షలు వదిలేసి వచ్చి కూర్చుంది, చదువులో ఒక ఏడాది పోయింది. విరిగిన కాలు అతుక్కుంది కాబట్టి తిరిగి వెళ్లింది. అతుక్కోనిది ఉందని తెలిస్తే ఇక వెళ్లదు. ఇరవయ్యేళ్ల పిల్ల తన చీకట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చుంటుంది.

ఇంట్లో ఉండేది ఇద్దరే. భర్త పోయాక ఆమె లాడ్జీలకు దిండు గలీబులు కుట్టి ఇల్లు నడుపుతోంది. తిన్నని కుట్టు కాబట్టి చేతులకు కళ్లతో పెద్దగా పనిలేదు. అత్తగారికి వీధిలో రేడియో అని పేరు. “మీ రేడియోకి కరెంటు పోదేంటండీ?” అని పక్కింటావిడ నవ్వుతుంది. నిజమే, ఆ నోరు ఆగదు. “గడప ముందు చెప్పులు విడిచి పోయావేంటే, సత్రమా ఇది?” “ఎడం చేతి పక్కన గ్లాసుంది, అదీ తన్నెయ్, పీడా పోతుంది.” మొదట్లో ఆమె దిండులో తల దూర్చి ఏడ్చేది. తర్వాత ఒకటి గమనించింది. తిట్టు వచ్చిన ప్రతిసారీ తన దారిలో ఏదో ఒకటి ఉంటోంది. పొద్దున మిషను ముందు కూర్చునేసరికి సూదిలో దారం ఎక్కించే ఉంటోంది. అత్తగారికి తెలుసా? కావాలనే అరుస్తున్నారా? అడగలేదు. అడిగితే జబ్బు నిజమైపోతుందని భయం. ఇద్దరూ ఆ మాట చుట్టూ తిరిగారే గాని దాన్ని తాకలేదు.

కూతురు వచ్చింది. వచ్చిన మర్నాడే నడుం మీద చేతులు పెట్టుకుని నానమ్మ ముందు నిలబడింది.

“నానమ్మా, నిద్ర లేచిన దగ్గర్నుంచి వింటున్నా. మా అమ్మేమన్నా నీ పనిమనిషా?”

“నీకెందుకే పిల్లా మా గొడవ? తిన్నావా, పడుకున్నావా, అంతే చూసుకో.”

“నేనున్నన్నాళ్లూ అమ్మని ఒక్క మాట అనకూడదు. నా మీద ఒట్టు. నేను చచ్చినంత ఒట్టు.”

“ఆ మాట వెనక్కి తీసుకోవే...” ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్న అత్తగారు మనవరాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయారు.

కూతురు తీసుకోలేదు. తల్లికి మేలు చేశాననుకుంది.

ఇల్లు మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో గోడలు జరిగిపోయినట్టు, తలుపులు చోటు మారినట్టు అనిపించేది ఆమెకు. స్టూలు ఎక్కడుందో, బకెట్ ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు. తిట్ల కోసం చెవులు రిక్కించి, గోడను వేళ్లతో తాకుతూ నడిచేది. “చూశావా అమ్మా, నానమ్మ నోరు మూసేసరికి ఎంత నిమ్మళంగా నడుస్తున్నావో,” అని కూతురు మురిసిపోయింది. ఆమె నవ్వింది. వేళ్లు మాత్రం గోడను వదల్లేదు.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. నానమ్మ కాళ్లకు కాపడం పెడతానని కూతురు మరుగుతున్న నీళ్ల గిన్నె తెచ్చి నడవలో దించి, తువ్వాలు కోసం లోపలికి వెళ్లింది. అప్పుడే ఆమె కుట్టిన గలీబులు మోసుకుంటూ మిషను గదిలోంచి వచ్చింది. పిల్ల అడుగుల చప్పుడు వినబడింది. తడబడుతూ కనబడకూడదు... నడక వేగం పెంచింది.

నడవ చివర కుర్చీలోంచి ఒక వింత చప్పుడు వచ్చింది, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు.

“ఆగవే! అడుగు వేశావంటే చంపేస్తా. నీ కాలి ముందే ఉన్నాయి మరిగే నీళ్లు!”

ఆమె ఆగింది. ఎత్తిన పాదానికి ఆవిరి తగిలింది.

“ఒట్టు తప్పాను...” అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుని కుమిలిపోతున్నారు. “దేవుడా, పిల్లనేం చెయ్యకు... నన్ను తీసుకుపో...”

కూతురు తువ్వాలుతో తలుపు దగ్గర నిలబడిపోయింది. “అమ్మా, అంత పెద్ద గిన్నె కనబడలేదా నీకు?”

“ఏదో ఆలోచనలో ఉండి...”

“ఇటు చూడు. నా చెయ్యి ఎక్కడుందో చెప్పు.”

ఆమెకు పిల్ల ముక్కు కనిపిస్తోంది. కళ్లు కనిపిస్తున్నాయి. చెయ్యి ఎక్కడా లేదు.

“కిటికీ వైపు అలా చెయ్యి చాచుకుని నిలబడ్డావేంటే,” అత్తగారు ఏడుపు మధ్యలోనే విసుక్కున్నారు, “పనీ పాటా లేదూ?”

“కిటికీ వైపు,” అంది ఆమె.

కూతురు నానమ్మ వైపు చూసింది, తల్లి వైపు చూసింది. అక్కడే నేల మీద కూలబడింది. తువ్వాలుతో గిన్నెను గోడ వారకి జరిపి, పాకుతూ వెళ్లి నానమ్మ మోకాళ్ల మీద తల పెట్టింది. “నిన్ను రాక్షసివనుకున్నాను నానమ్మా...”

“అనుకో. నాకేం నొప్పా? మీ అమ్మ కూడా అలా అనుకోవాలనే అరిచాను. నేను జాలిపడుతున్నానని తెలిస్తే అది మంచం ఎక్కేసేది. కోపం ఉంటే లేచి తిరుగుతుంది.”

ఆ మాట ఆమె వినడం ఇదే మొదలు. గలీబులన్నీ చేతుల్లోంచి జారిపోయాయి. తడుముకుంటూ వెళ్లి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఆమె వేళ్లను గట్టిగా నొక్కింది.

“నేనిక తిరిగి వెళ్లను,” అంది కూతురు.

ఇన్నాళ్లూ భయపడిన మాట వచ్చేసింది. ఆమె పిల్ల వైపు తిరిగింది.

“నా కళ్లు పోతాయి తల్లీ. అది నువ్వున్నా ఆగదు, నేనేడ్చినా ఆగదు. నువ్వు వచ్చి కూర్చుంటే నా మూలంగా ఇంకొకటి కూడా పోయింది కదా అని చీకట్లో రోజూ లెక్కపెట్టుకోవాలి నేను. అది నావల్ల కాదు.”

“నానమ్మ లేకపోతే?”

అత్తగారు తల తిప్పుకున్నారు.

“అప్పుడు భయపడదాం,” అంది ఆమె. “ఇద్దరం కలిసి భయపడదాం. ఈసారి దాచను.”

కూతురు నానమ్మ మోకాళ్ల మీంచి తలెత్తింది. “రోజూ నిజం చెప్పాలి. ఫోన్లో ‘బాగానే ఉన్నా’ అన్నావంటే ఆ రోజే బండెక్కుతా.”

“చెప్తాను.”

“చెప్పకపోతే నేను చెప్తాగా,” అన్నారు అత్తగారు ముక్కు తుడుచుకుంటూ.

ఆమె కూతుర్ని లేపి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. రెండు చేతుల మధ్య ఆ ముఖాన్ని పట్టుకుంది. నుదురు చూసింది. చూపు చెంప మీదకి జారింది. మొటిమ మచ్చ ఒకటి కొత్తగా కనిపిస్తే అక్కడ ఆగింది. బయట పొద్దు వాలిపోతోంది.

“ఏంటమ్మా అలా చూస్తున్నావు?”

“కదలకు తల్లీ... ఇంకా గడ్డం దాకా రాలేదు.”