ఎనిమిది ఆంప్స్

మంగళవారం మధ్యాహ్నం, వంతెన పక్కన తాళంచెవుల షాపు వేషంలో ఆపి ఉంచిన వ్యాన్‌లో ఒక ఏజెంట్ చనిపోయాడు. తలుపులు మూసి ఉన్నాయి. లోపల పోర్టబుల్ జనరేటర్ నడుస్తోంది.

బుధవారం ఉదయం చీఫ్ ఆ ఫోటోలు బల్ల మీద పరిచాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ చనిపోయినవాడికి బావమరిది. జేబులో మల్టీమీటర్ లేకుండా గడప దాటడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు మీటర్.

“చప్పుడు బయటికి పోకూడదని లోపల పెట్టుకున్నాడు. పొగకి పోయాడు. రిపోర్ట్‌లో నిర్లక్ష్యం అని రాస్తున్నాం,” అన్నాడు చీఫ్.

“ఆ మాట మా అక్కకి ఎలా చెప్పమంటారు సార్?”

“తర్వాత చూద్దాం. ముందు పని.”

ఆ సాయంత్రం నాలుగింటికి, ఫిరాయించి వచ్చిన ఒక శాస్త్రవేత్త కారు వంతెన దాటి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాలి. వేరే దారి లేదు. విదేశీ ముఠా వంతెన మీద రిమోట్ బాంబు పెట్టిందని సమాచారం. రెండుసార్లు వెతికినా దొరకలేదు. రిమోట్ సిగ్నల్‌ని అడ్డుకునే జామర్ వ్యాన్‌లో ఉంది. ఇంజిన్ తీసేసి ఆ చోట దాన్ని బిగించారు. అది నడిచేది రెండు అదనపు బ్యాటరీల మీద. ఇప్పుడు ఆ రెండూ ఖాళీ.

మీటర్ ఒక ఫోటో దగ్గర ఆగాడు. జనరేటర్ మీద ‘12 వోల్ట్ బ్యాటరీ ఛార్జింగ్’ అని రాసి ఉన్న సాకెట్ నుంచి వైరు బ్యాటరీకి వెళ్తోంది.

“ఇది బావ పెట్టింది కాదు.”

“ఎందుక్కాదు?”

“ఆ సాకెట్ ఇచ్చేది ఎనిమిది ఆంప్స్. బ్యాటరీలు నిండాలంటే ఒక రోజు దాటుతుంది. బావ ఎప్పుడూ జనరేటర్ మీదే ఉన్న 230 వోల్ట్ మెయిన్స్ సాకెట్‌కి విడి ఛార్జర్ తగిలించేవాడు. ముప్ఫై ఆంప్స్. పైన రాసింది చదివి వైరు పెట్టింది ఇంకెవరో. చంపింది కూడా వాళ్లే.”

చీఫ్ ఫోటో దగ్గరికి లాక్కున్నాడు.

అప్పుడే ట్రాన్స్‌లేటర్ లోపలికి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్. ఆఫీసులో ఆమెని వెండితెర అంటారు. ఈ రోజు మీటర్‌కి భార్య వేషం ఆమెది.

“నేను ఆ వ్యాన్ ఎక్కడం ఇదే మొదటిసారి. మీరే చూపించాలి,” అంది.

ఒంటిగంటన్నరకి ఇద్దరూ వ్యాన్ దగ్గర ఉన్నారు. బ్యాటరీలు 11.4 వోల్ట్‌లు చూపించాయి.

“ఏవండీ, జనం చూస్తున్నారు. కాస్త భార్యతో మాట్లాడినట్టు మాట్లాడండి.”

“షాపులో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోరు. తిట్టుకుంటారు.” మీటర్ జనరేటర్‌ని రోడ్డు మీదికి దించి స్టార్ట్ చేశాడు. “ఛార్జింగ్ పెట్టు.”

ఆమె వంగి డ్రైవర్ సీటు కిందికి చెయ్యి పోనిచ్చి వైరు తీసింది. ఎక్కడుందని అడగలేదు. వెతకలేదు. ఎనిమిది ఆంప్స్ సాకెట్‌కి తగిలించింది.

ఫోటోలోని వైరు పెట్టిందెవరో మీటర్‌కి తెలిసిపోయింది. కానీ ఇప్పుడే ఆమెని పట్టుకుంటే రిమోట్ ఉన్నవాడు కనిపించకుండా పోతాడు. పెట్రోల్ తెమ్మని డబ్బా ఇచ్చి పంపాడు. చీఫ్‌కి ఫోన్ చేశాడు.

“సార్, దొంగ తాళంచెవి మా ఆవిడ దగ్గరే ఉంది. తొందరపడొద్దు.”

“అర్థమైంది. కస్టమర్‌ని పంపుతాను.”

తర్వాత ఛార్జర్‌ని తాళాల పెట్టె వెనక దాచి మెయిన్స్ సాకెట్‌కి కలిపాడు. లోడ్ పడి జనరేటర్ గొంతు పెరిగింది. ఆమె తిరిగి వచ్చేసరికి తాళంచెవులు కోసే మిషన్ ఆన్ చేసి కూర్చున్నాడు.

“ఎందుకంత రొద?”

“మిషన్ లోడ్.”

రెండు గంటల్లో ఏ తాళానికీ పట్టని చెవులు పందొమ్మిది కోశాడు.

నాలుగింటికి కారు వంతెన ఎక్కింది. ఆమె కళ్లద్దాలు తీసింది. వంతెన మెట్ల మీద పేపర్ చదువుతున్న మనిషి జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. మీటర్ జామర్ స్విచ్ నొక్కాడు.

12.3.

కారు ముందు లారీ ఆగింది. కారు కూడా ఆగింది. జామర్ అరవై ఆంప్స్ లాగుతోంది. 11.8. వోల్టేజ్ పదకొండుకి పడితే జామర్ ఆగిపోతుంది. పేపర్ మనిషి ఒకసారి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. 11.3. రిమోట్ బయటికి తీసి తిప్పి చూశాడు. వెనక నుంచి చీఫ్ మనుషులిద్దరు అతని చేతులు విరిచి పట్టుకున్నారు. లారీ కదిలింది. కారు వంతెన దిగింది.

11.1.

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ మీదికి వెళ్లింది. తాళంచెవి కోసం వచ్చిన కస్టమర్ అప్పటికే ఆ బ్యాగ్‌ని పట్టుకుని ఉన్నాడు.

“బ్యాటరీలు చచ్చిపోయాయిగా!” అంది ఆమె.

“చచ్చిపోయింది మా బావ.”

ఆరింటికి మీటర్ ఇంటికి ఫోన్ చేశాడు.

“అక్కా, బావ నిర్లక్ష్యం ఏమీ లేదు. చంపారు. రిపోర్ట్ మారుస్తున్నారు.”

“పాతికేళ్లు గ్యాస్ రెండుసార్లు చూడందే పడుకోని మనిషిరా. ఆ సంగతి కనుక్కోవడానికి గూఢచారులు కావాల్సి వచ్చిందా?”