కోచ్ మీద ఎవరు చెప్పారు?

"ఎవరో చెప్పే ఉంటారు," అంది మార్నీ. "లేకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?"

బుధవారం మధ్యాహ్నం. ఐదో క్లాసు పిల్లలు లంచ్ బల్ల దగ్గర కూర్చున్నారు. ప్లేట్లలో వేయించిన బంగాళాదుంప ముక్కలు చల్లారిపోతున్నాయి. ఎవరూ తినడం లేదు.

"ఎవరు చెప్పుంటారు?" అంది పక్కనున్న ఫ్రాంకీ.

"అదే కనిపెట్టాలి," అంది మార్నీ, బల్ల చుట్టూ ఒక్కొక్కరినే చూస్తూ. ఆమె చూపు తగిలిన ప్రతివాళ్ళూ ఏ తప్పూ చేయకపోయినా తల దించుకున్నారు.

ఇండియానాలో మాది చాలా చిన్న ఊరు. ఉన్నది ఒక్క కాలేజీ. దాని పేరు విట్లో. ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు మంగలి షాపు కూడా మూసేస్తారు. అలాంటి ఊళ్ళో కోచ్ బాస్కమ్‌ని మూడు మ్యాచ్‌లకు సస్పెండ్ చేశారంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆయన చేసిందేమిటి? ఫైర్ స్టేషన్‌లో ఊరందరికీ పాన్‌కేక్ టిఫిన్ పెట్టిన ఆదివారం మంచు బాగా కురిసింది. పన్నెండో క్లాసు చదివే డెరెల్ అనే పొడుగు కుర్రాడి కారు స్టార్ట్ కాలేదు. కోచ్ అతన్ని తన కారులో ఇంటి దగ్గర దింపారు. అంతే.

కానీ డెరెల్ బాస్కెట్‌బాల్ బ్రహ్మాండంగా ఆడతాడు. వచ్చే ఏడు ఏ కాలేజీలో చేరతాడా అని నలుగురైదుగురు కోచ్‌లు కాచుకుని ఉన్నారు. అలాంటి కుర్రాడికి కాలేజీ కోచ్ ఏదీ ఊరికే ఇవ్వకూడదని రూలు. కారెక్కించుకున్నా తప్పే. అందుకే మూడు మ్యాచ్‌లు. మ్యాచ్ రోజు ఆయన జిమ్‌లో కాలు పెట్టకూడదు, ఆటగాళ్ళకు ఫోన్ చేయకూడదు. ఆ మూడింటిలో శనివారం హేవర్టన్ కాలేజీతో ఆడే మ్యాచ్ కూడా ఉంది. హేవర్టన్ అంటే మాకు పడదు.

ఊరు భగ్గుమంది. మంచులో పిల్లాణ్ణి వదిలేయాలా, ఇదేం రూలు అంటూ షాపుల అద్దాల మీద అట్టలు అంటించారు. రూలు మీద కోపం రెండు రోజులుంది. మూడో రోజుకి అది మనుషుల మీదికి మళ్ళింది.

"లోపలి మనిషే చెప్పుంటారు," అన్నాడు తాతయ్య ఆ రాత్రి భోజనాల దగ్గర. మార్నీ వాళ్ళ తాతయ్య ఓరెన్ ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. విట్లో మ్యాచ్ ఒక్కటి కూడా మానలేదు. "బయటివాళ్ళకి అంత పట్టింపు ఎందుకుంటుంది? ఎవరో పక్కనే ఉండి చూసి ఊదేశారు."

"నాన్నా, చిన్నపిల్ల ముందు అలాంటి మాటలెందుకు?" అంది మార్నీ వాళ్ళమ్మ.

"నేనేమన్నాను? పేరేమైనా పెట్టానా?"

పేరు మార్నీ పెట్టుకుంది. పాన్‌కేక్ టిఫిన్ రోజున జోసీ వాళ్ళమ్మ కిటికీ దగ్గర నిలబడటం తను చూసింది. బయట కోచ్ కారు కదులుతోంది. ఆవిడ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. పైగా ఆవిడ పని చేసేది ఎక్కడ? కాలేజీలో రూల్స్ చూసే ఆఫీసులో!

మార్నీకి ముద్ద దిగలేదు. జోసీ రెండో క్లాసు నుంచీ తన ఫ్రెండు మరి.

గురువారం స్కూలయ్యాక ప్రాక్టీసు. శనివారం కాలేజీ మ్యాచ్ మధ్యలో, హాఫ్‌టైమ్‌లో, ఐదో క్లాసు ఆడపిల్లలు పెద్ద కోర్టు మీద ఐదు నిమిషాలు ఆడాలి. ఊరంతా చూస్తుంది. దాని కోసం వాళ్ళు సెప్టెంబరు నుంచీ రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

బూట్ల లేసులు కట్టుకుంటూ మార్నీ తన అనుమానం ఫ్రాంకీ చెవిలో చెప్పింది. ఫ్రాంకీ కడుపులో మాట ఎప్పుడు దాగింది గనక! ప్రాక్టీసు చేయించే పెల్లమ్ సారు విజిల్ వేసేసరికి ఆ మాట అందరి చెవుల్లోనూ పడింది.

జోసీ బాస్కెట్ కింద ఖాళీగా నిలబడి చేతులు చాచింది. "ఇటు! ఇటు!"

బాల్ ఫ్రాంకీకి వెళ్ళింది. ఫ్రాంకీ నుంచి మార్నీకి, మార్నీ నుంచి ఇంకెవరికో. ఒకసారి కాదు, పది సార్లు. పదకొండోసారి జోసీ చేతులు చాచలేదు.

నీళ్ళు తాగే చోట ఆమె మార్నీని పట్టుకుంది. "నేనేం చేశానే?"

"మీ అమ్మనడుగు."

"మా అమ్మని ఏమడగాలి?"

"కోచ్ మీద ఎవరు చెప్పారో అడుగు."

జోసీ మొహం ఎర్రబడింది. "అమ్మ ఆఫీసు మాటలు ఇంట్లో చెప్పదు. చెప్పకూడదట."

"అవునులే. చెప్పుకోగలిగే పనులైతే కదా!"

జోసీ మొహం గోడ వైపు తిప్పుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకుంది మార్నీ. జోసీ ఏడుపు ఆపుకుంటోందని ఆమెకు తోచలేదు.

శుక్రవారం జోసీ తన పసుపుపచ్చ జెర్సీ మడతపెట్టి తెచ్చి పెల్లమ్ సారు బల్ల మీద పెట్టింది. శనివారం రానంది. ఎందుకో చెప్పలేదు.

"చూశారా?" అంది మార్నీ. "తప్పు లేకపోతే ఎందుకు మానేస్తుంది?"

ఆడితే సిగ్గులేదనేది, మానేస్తే దొంగ అంది. అనుమానం పట్టుకున్నాక ఏం చేసినా అనుమానమే. మా ఊళ్ళో ఆ వారం పెద్దవాళ్ళకే ఆ జబ్బు తగులుకుంది, పదేళ్ళ పిల్లని ఏమనగలం?

శనివారం పొద్దున్నే తాతయ్య నూడుల్స్ కాసెరోల్ చేశాడు. మా దగ్గర ఎవరింట్లో కష్టం వచ్చినా నూడుల్సూ చీజూ కలిపి ఓవెన్‌లో పెట్టి తీసుకెళ్తారు. మనిషి పోయినా అదే, కాలు విరిగినా అదే.

"కోచ్‌కిచ్చి రా," అన్నాడు తాతయ్య. "మేమంతా ఆయన వైపే అని చెప్పు."

కోచ్ ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. ఆయన స్వెటర్ తిరగేసి వేసుకుని తలుపు తీశారు. వంటింట్లో బల్ల మీద, స్టవ్ మీద, చివరికి కుర్చీ మీద కూడా కాసెరోల్ గిన్నెలే.

"ఇంకోటా!" అన్నారు కోచ్. "ఈ ఇంట్లో ఎవరు పోయారమ్మా? పెట్టు, ఆ సింక్‌లో పెట్టు. ఇంకెక్కడా చోటు లేదు."

మార్నీ గిన్నె పెట్టింది. వెళ్ళిపోవాలి, కానీ వెళ్ళలేదు.

"కోచ్, మీ మీద ఎవరు చెప్పారో మీకు తెలుసా?"

"తెలుసు."

ఆమె ఒక అడుగు ముందుకేసింది. "జోసీ వాళ్ళమ్మేనా?"

కోచ్ ఆమె వంక చూశారు. కుర్చీ మీది గిన్నె తీసి కింద పెట్టి తను కూర్చున్నారు. "నేనే చెప్పాను."

"మీ మీద మీరేనా?"

"సోమవారం పొద్దున ఎనిమిదింటికి రూల్స్ ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను. జోసీ వాళ్ళమ్మ ఎత్తింది. పాపం, ఆవిడ గొంతు వణికింది కూడా."

మార్నీ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "ఎవర్నో కాపాడటానికి అలా అంటున్నారు."

"చూశావా!" అని కోచ్ తొడ మీద చరిచారు. "ఈ గిన్నెలు తెచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పాను. ఒక్కరు నమ్మితే ఒట్టు. మీ మంచితనం మాకు తెలీదా అని భుజం తట్టి, కన్నుగీటి పోతున్నారు. ఒకాయన ఫైర్ స్టేషన్ పెద్ద చెప్పాడంటాడు, ఒకావిడ పాస్టర్ గారంటుంది."

"మరి ఆంటీ కిటికీ దగ్గర పుస్తకంలో రాసుకుంది కదా? నేను చూశాను!"

"బొంత గెలుచుకునే లక్కీ డ్రాకి పేర్లు రాసింది. నా పేరుంది. మీ తాతయ్యది రెండు సార్లుంది."

అయినా మార్నీ వదల్లేదు. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా. ఎందుకు చెప్పారు?"

"ఆ రోజు అదే రోడ్డు మీద ఇంకో కుర్రాడు నడిచి వెళ్తున్నాడు. టోపీ కూడా లేదు. వాడు బాస్కెట్‌బాల్ ఆడడు. నేను వాణ్ణి దాటుకుని వెళ్ళిపోయాను, అసలు పట్టించుకోనే లేదు. డెరెల్‌ని దింపి తిరిగొస్తుంటే వాడు ఇంకా నడుస్తూనే ఉన్నాడు." అన్నారు కోచ్. "అప్పుడు ఆపి ఎక్కించుకున్నాననుకో. కానీ బాగా ఆడే కుర్రాడే ముందు నా కళ్ళకి కనిపించాడు. ఆ రూలు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. మూడు మ్యాచ్‌లు ఎక్కువే అనిపించింది నాకు. ఆ ఆఫీసు తలుపు దడాలున వేసి వచ్చాను కూడా. అయినా చేసింది నేనేగా."

ఈసారి మార్నీ నమ్మింది. తన పరువు తీసుకునే మాట ఎవరూ కల్పించి చెప్పరు.

అక్కడి నుంచి ఆమె ఇంటికి కాదు, నేరుగా జోసీ ఇంటికి వెళ్ళింది.

తలుపు జోసీ వాళ్ళమ్మే తీసింది. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మార్నీ పారిపోదామనుకుంది. పారిపోలేదు.

"ఆంటీ, కోచ్ మీద మీరు చెప్పారని అందరితో అన్నది నేనే. అది అబద్ధం. సారీ."

ఆవిడ పక్కకి తప్పుకుంది. వెనక జోసీ నిలబడి ఉంది.

"మన జట్టు వాళ్ళకి చెప్పావా?" అంది జోసీ.

"ఇంకా లేదు."

"మరి నాకు చెప్తే ఏం లాభం? నేనొస్తే బాల్ ఎవరిస్తారు?"

"నువ్వు రా," అంది మార్నీ. "హాఫ్‌టైమ్ ముందు చెప్తాను. వచ్చి నీ చెవులతో నువ్వే విను."

జోసీ వస్తానని అనలేదు.

మధ్యాహ్నం కాలేజీ జిమ్ కిక్కిరిసిపోయింది. కోచ్ కుర్చీ ఖాళీగా ఉంది. జనం దాన్ని చూసి అరుస్తున్నారు, రూలు పెట్టినవాళ్ళని తిడుతున్నారు. లోపలి గదిలో ఐదో క్లాసు పిల్లలు జెర్సీలు వేసుకుంటున్నారు. తలుపు దగ్గర జోసీ, వాళ్ళమ్మ కనిపించారు. ఫ్రాంకీ పెదవి విరిచింది.

మార్నీ బెంచీ మీది నుంచి లేచింది.

"జోసీ వాళ్ళమ్మ ఎవరి మీదా చెప్పలేదు. కోచ్ తన మీద తనే చెప్పుకున్నారు, నాతో ఆయనే అన్నారు. నేను అడక్కుండా, తెలుసుకోకుండా జోసీ వాళ్ళమ్మ మీద పుకారు పుట్టించాను. బాల్ ఇవ్వకుండా చేసింది కూడా నేనే."

పెల్లమ్ సారు ఇటు తిరిగారు. ఆయన చిన్న విషయాన్ని పెద్దది చేసే మనిషి కాదు. కానీ జట్టులో ఎవరినైనా ఏడిపిస్తే ఒక మ్యాచ్ కూర్చోవాలన్నది ఆయన రూలు.

"మార్నీ, రూలు తెలుసుగా?"

"తెలుసు సార్."

"ఇవాళ ఆడేది ఒక్కటే మ్యాచ్. ఐదు నిమిషాలు."

"తెలుసు సార్," అంది మళ్ళీ. సెప్టెంబరు నుంచి లెక్కపెట్టిన రోజులన్నీ గుర్తొచ్చాయి. సారు మడతపెట్టి ఉన్న పసుపుపచ్చ జెర్సీ తీసి జోసీకి అందించారు.

హాఫ్‌టైమ్ గంట మోగింది. పిల్లలు పరిగెత్తుకుంటూ కోర్టు మీదికి వెళ్ళారు. మార్నీ ఒక్కతే బెంచీ చివర కూర్చుంది.

మూడో వరుసలోంచి తాతయ్య లేచి నిలబడ్డాడు. ఆ గొంతు బస్సులో యాభై మంది పిల్లల్ని నోరు మూయించిన గొంతు.

"ఏయ్ పెల్లమ్! మా మనవరాల్ని ఎందుకు కూర్చోబెట్టావ్? అదేం చేసింది? దాని మీద ఎవరు చెప్పారు నీకు?"

చుట్టుపక్కల జనం తలలు తిప్పారు. అప్పుడే కొందరు జోసీ వాళ్ళమ్మ వైపు చూడటం మొదలుపెట్టారు. మార్నీకి అది కనిపించింది.

ఆమె బెంచీ ఎక్కి నిలబడింది.

"నేనే, తాతయ్యా!" అని అరిచింది. "నా మీద నేనే చెప్పాను!"

తాతయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

కోర్టు మీద బాస్కెట్ కింద జోసీ ఖాళీగా ఉంది. చేతులు చాచాలా వద్దా అని చూస్తోంది. బాల్ ఫ్రాంకీ దగ్గర ఉంది.

"జోసీకివ్వు!" అని మార్నీ బెంచీ మీది నుంచే గొంతు చించుకుంది. "ఫ్రాంకీ, బాల్ జోసీకివ్వు!"