ఖాకీ అంచు బొంత

పొయ్యి మీద పాలు పొంగుతున్నా రోహిణికి పట్టదు గానీ, వరండాలోకి ఎండ వచ్చిందంటే మాత్రం పరుగెత్తుకొస్తుంది. ఆ ఎండ కాసేపే ఉంటుంది. ఆ తరవాత ఎదురు క్వార్టర్ నీడ వచ్చి పడుతుంది. అందుకే ఆ పొద్దునా బొంతను మంచం మీద పరిచి, ముడతలు సర్ది, ఫోన్ పట్టుకుని కుర్చీ ఎక్కింది.

"పడిపోతావే అమ్మీ," అంది అత్త చిన్నమ్మి వంటింట్లోంచి. "బొంతకి ఫొటో ఏటి? అదేటి పెళ్లికూతురా?"

"పెళ్లికూతురి కన్నా ఎక్కువ మందే చూత్తన్నారత్తా."

ఆ మాట అబద్ధం కాదు. టాటానగర్ పక్కనున్న బాగ్‌బేరా రైల్వే కాలనీలో చిన్నమ్మి కుట్టు తెలియని తెలుగిల్లు లేదు. గుడ్డలు పొరలు పొరలుగా పేర్చి, చీమలు బారు కట్టినట్టు సన్నగా కుట్టేది. ఆ బొంతల ఫొటోలు రోహిణి ఇన్‌స్టాలో పెట్టడం మొదలుపెట్టాక, ఎక్కడెక్కడి వాళ్లో చూసి, కింద ఉన్న లింకు నొక్కి కొనుక్కుంటున్నారు. రోహిణి భర్త పైడిబాబు రైల్వే యార్డులో డ్యూటీకి పోతూ పార్సిళ్లు కొరియర్‌లో ఇచ్చేవాడు. చిన్నమ్మిది మాత్రం ఒకటే పట్టు. అమ్మకానికైతే కొత్త గుడ్డే. కట్టి విడిచిన చీరలు పరాయివాళ్లకు అమ్ముకుంటే పరువేం మిగులుతుందని ఆవిడ వాదన.

అయితే ఆ రోజు మంచం మీదున్నది అమ్మకానిది కాదు. పురిటికి పుట్టింటికొచ్చిన కూతురు యోగితకు పుట్టబోయే బిడ్డ కోసం కుట్టింది. పుట్టిన బిడ్డను ఇంట్లో మొదట పెద్దలు కట్టిన పాత గుడ్డ మీదే పడుకోబెట్టాలని ఆ ఇంటి ఆనవాయితీ. పెద్దల దీవెన ఒంటికి తగులుతుందట. చిన్నమ్మి తన తల్లి చీరలు పొరలుగా వేసి, చుట్టూ భర్త ఖాకీ చొక్కా అంచు పెట్టింది. రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసిన గణపతిరావు నిరుడే పోయాడు. ఆయన గుడ్డల్లో మిగిలింది ఆ ఒక్క చొక్కానే. దిష్టి తగలకుండా ఒక మూల నల్లదారంతో ముడి కూడా వేసింది.

"దీన్ని ఆ ఫోన్లో పెట్టకే. ఎవలి కళ్లు ఎలాటివో."

"దీన్ని అమ్మనులే అత్తా, ఊరికే చూపిత్తాను. దీన్ని చూసి జనం వత్తారు, వచ్చినోళ్లు మిగతావి కొంటారు," అంది రోహిణి. నల్లముడి ఫొటోలో మరకలా కనబడుతోందని ఆ మూల లోపలికి మడిచి, ఫొటో తీసి పేజీలో పెట్టేసింది. ఇది అమ్మకానికి కాదని ఒక్క మాట రాయలేదు. చేసిన తప్పల్లా అక్కడే ఉంది. అప్పటికి తెలియలేదు.

మధ్యాహ్నానికి యోగితకు నొప్పులు మొదలయ్యాయి. అత్తాకోడళ్లు ఆమెను తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. ఆ హడావిడిలో ఫోన్‌కి ఆర్డర్ వచ్చింది. ఖరగ్‌పూర్ నుంచి ఎవరో గౌరీదేవి. ఏ ఫొటో చూసి అడిగిందో రోహిణి చూడనే లేదు. ఆర్డర్‌ను అలాగే భర్తకు పంపించి, "ఒక బొంత పార్సిల్ చేసీయండి," అని ఫోన్లో చెప్పి, లేబర్ రూమ్ తలుపు దగ్గరికి పోయింది.

ఇంట్లో చెంచా ఎక్కడుందో పైడిబాబుకు పదేళ్లు వెతికినా దొరకదు. ఆ రోజు మాత్రం దొరకకూడనిది దొరికింది. ఫొటో చూశాడు, మంచం మీద బొంత చూశాడు, రెండూ ఒకటేనని తృప్తిపడి, బహు శ్రద్ధగా కట్టి పంపించేశాడు.

ఆడపిల్ల పుట్టింది. నాలుగు రోజులకు బిడ్డతో ఇంటికొచ్చిన పూట చిన్నమ్మి గుమ్మంలో దిష్టి తీసి, "రోహిణీ, బొంత పరుసు," అంది.

మంచం మీద బొంత లేదు. పెట్టెలో లేదు.

"ఏ బొంత? ఖాకీ అంచుదా?" అన్నాడు పైడిబాబు, ఏమీ ఎరగని మొహంతో. "ఆ రోజే పంపీసాను కదా. ఫొటోలో అదే ఉంది మరి."

చిన్నమ్మి మనవరాలిని ఒళ్లోకి తీసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. గొంతు పెంచలేదు, దానికే రోహిణికి మరీ భయమేసింది.

"పెట్టొద్దన్నాను. ఇన్నావు కాదు. మీ మావ చొక్కా అది. చచ్చిపోయినోడిది ఇంకోటి ఎక్కడ తెత్తాను నాను?"

"ఛోడో నా, వదిలీ అమ్మా," అంది యోగిత నీరసంగా. "దుప్పటి మీద సులా దో, పడుకోబెట్టీ. ఏం కాదు."

"అవదు. మీ నాన్న దీన్ని చూడకుండానే పోయాడు. ఆయన చొక్కా అయినా తగలాల దీని ఒంటికి. అది వచ్చీదాకా దీన్ని కింద పెట్టను."

అన్నంత పనీ చేసింది. పాలకు తల్లికిచ్చి మళ్లీ తీసుకునేది. అన్నం కూడా బిడ్డను ఒళ్లో పెట్టుకునే తింది. మోచేయి లాగుతోందని ఆమె మొహం చూస్తే తెలుస్తూనే ఉంది, కానీ ఎవరు చేతులు చాచినా ఇవ్వలేదు. రోహిణి గౌరీదేవికి సందేశం మీద సందేశం పంపింది. ఒక్కటీ చూసినట్టు లేదు. ఆఖరికి వచ్చి అత్త కాళ్ల దగ్గర కూలబడింది.

"తప్పు నాదే అత్తా. ఆయన్ననకు. అందరూ మెచ్చుకుంటారని కక్కుర్తి పడ్డాను. ఆ పేజీ మొత్తం తీసేత్తాను. ఇంక ఈ పనే వద్దు."

చిన్నమ్మి కోడలి వైపు చూసింది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"తీసేత్తే బొంత వత్తాదేటి? ఫొటోతోనే కదా పోయింది, ఫొటోతోనే రావాల. తియ్యి."

"ఏటి తియ్యను?"

"నన్నే. పిల్ల మొహం మాత్రం కనపడనీకు."

రోహిణి పాప మొహం మీదికి అత్త కొంగు లాగి, ఫొటో తీసింది. గోడకు ఆనుకున్న ముసలమ్మ, ఒళ్లో పసిగుడ్డు. కింద జరిగిందంతా రాసింది. పొరపాటున మా మామగారి చొక్కాతో కుట్టిన బొంత పంపేశాం, అది పరిచేదాకా మా అత్త పాపను కింద పెట్టనంటోంది, ఖరగ్‌పూర్‌లో గౌరీదేవిగారు తెలిసినవాళ్లుంటే చెప్పండి అని. ఇన్నాళ్లూ బొంతలు కొన్నవాళ్లంతా దాన్ని తలోచోటికీ పంపించారు.

సాయంత్రానికి ఫోన్ మోగింది. అవతల పెద్దావిడ, అచ్చం వీళ్ల యాసే.

"నేను గౌరీదేవినమ్మా. తెలీనోళ్ల మెసేజులు చూడను నేను. పక్కింటమ్మాయి మీ ఫొటో చూపించింది. బొంత బద్రంగానే ఉంది. ఇప్పగానే మూలన నల్లముడి కనపడింది. ఇది ఇంటి పిల్ల కోసం కుట్టింది గానీ అమ్మకానికి కాదే అని అనుమానమొచ్చి, మడత పెట్టి దాచాను. మా మరిది రైల్వే గార్డు. తెల్లారి బండికి టాటానగర్ వత్తన్నాడు, ఇచ్చి పంపుతాను."

రోహిణి పరుగున వెళ్లి ఫోన్ అత్త చెవి దగ్గర పెట్టింది.

"నీ కడుపు చల్లగా ఉండాల తల్లీ," అంది చిన్నమ్మి.

మర్నాడు పొద్దున్నే పైడిబాబు ప్లాట్‌ఫారం మీద కాచుకుని, మూట గుండెలకు హత్తుకుని ఇంటికొచ్చాడు. ఈసారి విప్పి చూసి మరీ తెచ్చాడు. చిన్నమ్మి బొంత పరిపించి, ఖాకీ అంచు ఒకసారి నిమిరి, మనవరాలిని దాని మీద పడుకోబెట్టింది. పాప ఒళ్లు విరుచుకుని నిద్రపోయింది. ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపి, "అమ్మయ్య," అంది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

మూటలో ఇంకా ఒక వెలిసిపోయిన నేతచీర ఉంది.

"అది గౌరీదేవిగారి అమ్మదట," అన్నాడు పైడిబాబు. "ఆవిడకీ మనవడో మనవరాలో రాబోతన్నారు. మీ పెద్దలది మీకుండాల, మా అమ్మది మాకు కుట్టి పెట్టండి, డబ్బులు ముందే ఇచ్చాం కదా అని చెప్పమందట."

చిన్నమ్మి ఆ చీర చేతిలోకి తీసుకుని, అంచు పట్టుకుని చూసింది.

"పాత చీర అమ్ముకుంటే పరువు పోతాదనుకున్నాను. ఎవలి పాతది ఆలకే కుట్టిత్తే పరువెందుకు పోతాది? ఇదే పెట్టు నీ పేజీలో. మీ అమ్మల చీరలు పంపండి, కుట్టిత్తాం అను."

రోహిణి కళ్లు తుడుచుకుంటూ నిలబడింది. ఫోన్ ముట్టుకోవడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

"అలా నిలబడిపోయావేటి? ఎండ పోతాది," అంది చిన్నమ్మి, కుర్చీని కాలితో ఆవిడే మంచం పక్కకు జరుపుతూ. లోపలికి మడతపడిన మూలను చేత్తో సాపు చేసి బయటకు పెట్టింది.

"ఈపాలి ఫొటోలో నల్లముడి కూడా పడాల, జాగర్త."