లోపల ఎవరూ లేరని చెప్పిన పేజీ

మధ్యాహ్నం భోజనాల వేళ. రాళ్లు పిండి చేసే మిల్లు ఆగి ఉంది. కంట్రోల్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె తను రాసిన పేజీని తనే తిట్టుకుంటోంది.

ఆ పేజీకి ఉన్నది ఒకే పని. మిల్లు డ్రమ్మును శుభ్రం చేయడానికి లోపలికి దిగేవాడు గుమ్మం దగ్గర కార్డు తాకించి దిగాలి. మిల్లు తిప్పే మీట నొక్కేముందు పేజీ డేటాబేసును అడిగి, లోపలున్నవాళ్ల పేర్లు చూపాలి. పేర్లు లేకపోతే "లోపల ఎవరూ లేరు" అంటుంది. మరి డేటాబేసు జవాబే ఇవ్వకపోతే? ఎర్ర అక్షరాల హెచ్చరిక చూస్తే పనివాళ్లు హడలిపోతారని మేనేజరు సణిగాడు. ఆమె సరేలే అని, అప్పుడు కూడా "లోపల ఎవరూ లేరు" అనేలా రాసి పారేసింది. పిలిస్తే పలకనివాడూ, ఇంట్లో లేనివాడూ ఒకటే అనుకుంది మహాతల్లి.

పోయిన వారం డేటాబేసు పలకలేదు. మిల్లు నడిపే బావ, అంటే ఆమె అక్క మొగుడు, పేజీని నమ్మి మీట నొక్కాడు. లోపల పొట్టి మేస్త్రీ ఉన్నాడు. రాళ్లు నలిపే ఇనుప గుండ్ల కింద నుజ్జయి, జల్లెడలోంచి ఎర్రటి ముద్దగా దిగాడు. తట్టల్లో ఎత్తారు.

ఇవాళ ఆమె దిద్దింది. జవాబు రాకపోతే రాలేదనే చెబుతుంది; అప్పుడూ, లోపల ఎవరి పేరైనా ఉన్నప్పుడూ మీట బిగుసుకుంటుంది. పరీక్షకి ఎవరో ఒకరు దిగాలి. ఆమె వద్దన్నా వినకుండా, చంపింది నా చెయ్యే కదా అంటూ బావే దిగాడు. తెర మీద అతని పేరు పడింది. మీట కదల్లేదు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

పచ్చి నెత్తురు వాసన వేసింది.

డ్రమ్ములోంచి గోళ్లతో గీకుతున్న చప్పుడు... ఆగింది... మళ్లీ...

తెర మీద బావ పేరు చెరిగిపోయింది.

"లోపల ఎవరూ లేరు."

మీట దానంతటదే కిందికి దిగింది.

ఆమె మెయిన్ స్విచ్ లాగేసి పరుగెత్తింది. డ్రమ్ము అప్పటికే ఒక చుట్టు తిరిగింది. బావ చంకల్లో చేతులు వేసి లాగింది. రాలేదు. అటునుంచి కూడా లాగుతున్నారు... ఎముక విరిగింది. పిక్క మీది తోలు ఒలుచుకుపోయింది. అప్పుడు వదిలారు.

"మేస్త్రీయేనా బావా?" గొణిగింది.

"వాడు నన్ను పైకి తోశాడే. పట్టుకున్నది వేరేవాళ్లు... చాలామంది."

పేజీ పెట్టిన ఈ రెండేళ్లలో డేటాబేసు ఎన్నిసార్లు పలకలేదో ఆమె ఎక్కడా రాసి పెట్టలేదు.

కట్టు కట్టబోయింది. చీరుకున్న మాంసంలో గట్టిగా ఏదో తగిలింది. వేళ్లతో పైకి లాగింది.

చేతి గాజు. పగల్లేదు. మూడేళ్ల పిల్ల చేతికి సరిపోయేంత. అంత పిల్లకి కార్డు ఉండదు.