పెటా అమ్మలేకపోయిన కొండలు

"మా అమ్మను ఏ దేశంలో దాచారు?"

తలుపు తోసుకుని వచ్చిన కుర్రాడు అడిగిన మొదటి మాట అది. పెటా అప్పుడే మాంసం కూరిన 'మీట్ పై' రొట్టె కొరికి ఉంది. నోట్లో ముద్దతో మాట్లాడలేక చేత్తో కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

ఆస్ట్రేలియాలో జిండబైన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ట్రావెల్ కొట్టులో పెటా పని మంచు కొండలు అమ్మడం. ఏ కొండ మీద కాళ్లకు రెండు స్కీలు కట్టుకుని జారడం బాగుంటుంది, ఏ కొండ ఒకే పలక మీద జారే స్నోబోర్డుకు మంచిది, ఎవరికి ఏది నప్పుతుంది అని పోల్చి చెప్పడంలో ఆమెకు ఆ ఊళ్లో పోటీ లేదు.

"మీ అమ్మగారి పేరు?"

"గ్లెనిస్. జనవరిలో మీరే జపాన్ పంపారు. రెండు వారాలని వెళ్లింది. మార్చి వచ్చింది!"

"గ్లెనిస్ గారా!" పెటా మొహం విప్పారింది. "భలే మనిషండీ. ఎలా ఉన్నారు?"

"స్నోబోర్డు నేర్చుకుంటోంది! అరవై దాటిన మనిషి! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ స్కీలు తప్ప తొక్కని ఇల్లు మాది. మా నాన్న ఉండి ఉంటే..."

"ఉంటే?"

అతను కాస్త ఆలోచించాడు. "ఆయన్ని కూడా లాక్కెళ్లేది."

పెటాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చేట్టుంది గానీ ఆపుకున్నాడు.

"అసలు ఆవిడతో ఏం చెప్పారు మీరు?"

"ఉన్నదే చెప్పాను. హొక్కైడో మంచు పిండిలా మెత్తగా ఉంటుంది, పడ్డా దెబ్బ తగలదు, సాయంత్రం వేడినీళ్ల బుగ్గలో మెడదాకా మునిగి కూర్చోవచ్చు అని."

"మీరు వెళ్లారా అక్కడికి?"

పెటా చేతిలోని మీట్ పై మీద దృష్టి పెట్టింది.

"పోనీ కెనడా?"

మీట్ పై మీద ఇంకాస్త సాసు వేసుకుంది.

"మన కొండ? అరగంట దారి!"

"చూడండి, మందుల షాపువాళ్లు జ్వరాలన్నీ తెచ్చుకునే అమ్ముతారా?"

ఈసారి అతను ఆపుకోలేకపోయాడు. అంత గట్టిగా నవ్వే మనిషి గొడవకెలా వచ్చాడా అనుకుంది పెటా.

అతని పేరు రోరీ. చలికాలమంతా కొండ మీద పనిచేస్తాడు. స్కీల మీద నుంచి పడి కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకున్నవాళ్లను స్లెడ్జి బండి మీద కిందికి చేర్చడం అతని పని.

ఏప్రిల్లో గ్లెనిస్ బోర్డు చంకన పెట్టుకుని తిరిగొచ్చింది. గొడవ అక్కడితో తీరిపోవాలి. రోరీ రాకపోకలు మాత్రం తీరలేదు. ఒకసారి గొడుగు మరిచిపోయానంటాడు, ఆ రోజు వాన ఉండదు. ఇంకోసారి నార్వేలో మంచు ఎలా ఉంటుందని అడుగుతాడు, జవాబు వినకుండా ఆమెనే చూస్తూ కూర్చుంటాడు.

జులైలో, అక్కడి నడి చలికాలంలో, ఒక సెలవు రోజున పెటాను బతిమాలి కొండ మీదికి తీసుకెళ్లాడు. పిల్లలు నేర్చుకునే వాలు అది. పెటా స్కీలు ముందుకు వెళ్లమంటే వెనక్కి వెళ్లాయి. అలా వెనక్కే వెళ్లి బడిపిల్లల వరసలో దూరి, ముగ్గురిని పడేసి, తనూ కూలబడింది.

"నవ్వావంటే కిందికి తోసేస్తా!"

"ఇంతకంటే కింద లేదు పెటా," అన్నాడు రోరీ, చెయ్యి అందిస్తూ.

లేచాక కూడా ఆ చెయ్యి వదలడం ఇద్దరికీ గుర్తు రాలేదు. 'మీరు' అనడం కూడా ఆ వాలు మీదే ఎక్కడో జారిపోయింది.

సెప్టెంబరు చివరికి మంచు పలచబడింది. చెట్ల మొదళ్ల దగ్గర గడ్డి తేలింది. ఆ రోజుల్లో కొండ మీద పనిచేసే కుర్రకారంతా ఉత్తరార్ధగోళపు దేశాల్లో రాబోయే చలికాలానికి టికెట్లు కొంటారు. పెటాకు అదే మంచి బేరాల కాలం.

రోరీ కూడా వచ్చాడు.

"నన్ను మూడు చోట్లకు రమ్మంటున్నారు. మంచు చరియలు విరిగిపడితే మనుషుల్ని ఎలా వెతకాలో నేర్చుకోవాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. మన కొండ మీద అది రాదు. ఎటు వెళ్లమంటావు? హొక్కైడో?"

"అక్కడా? వారాల తరబడి ఎండ మొహం కనపడదు. దిగులు పుడుతుంది."

"సరే, కెనడా. బాన్ఫ్."

"ఆ చలికి ముక్కు ఊడిపోతుంది. నీకున్నదే చిన్న ముక్కు."

"ఫ్రాన్స్‌లో షమొని?"

"కొండలు గోడల్లా ఉంటాయి. పైగా నీకు ఫ్రెంచి రాదు. పడ్డవాడు ఎక్కడ నొప్పో చెబితే నీకేం తెలుస్తుంది?"

అంతలో తలుపు తెరుచుకుని ఒక ముసలి జంట వచ్చింది. "ఈ క్రిస్మస్‌కి ఎక్కడైనా మంచులో గడపాలని ఉందమ్మా. బాన్ఫ్ ఎలా ఉంటుంది?"

"బాన్ఫా!" పెటా గొంతు దానంతటదే తియ్యనైంది. "చలి ఉంటుంది గానీ పొడి చలండీ, ఒంటికి హాయి. పొద్దున్నే కొండల మీద ఎండ పడుతుంటే చూడాలి! కాదంటే హొక్కైడో వెళ్లండి. రోజంతా మంచు దూదిలా కురుస్తూనే..."

ఆమె మాట నెమ్మదించింది. రోరీ బల్ల మీద మోచేతులు ఆనించి, గడ్డం కింద అరచేతులు పెట్టుకుని, చంటిపిల్లాడు కథ విన్నట్టు వింటున్నాడు.

జంట వెళ్లిపోయాక అన్నాడు. "ముక్కు సంగతి వాళ్లకు చెప్పలేదేం?"

"వాళ్ల ముక్కులు పెద్దవి."

"అందరికీ అన్ని కొండలూ అమ్ముతావు. నాకు ఒక్కటి కూడా అమ్మబుద్ధి కాలేదేం పెటా?"

"నాకు పనుంది," అని ఆమె సర్దిన కాగితాలే మళ్లీ సర్దసాగింది.

రోరీ నవ్వు తగ్గింది. "ఆదివారం ఈ ఏటికి కొండ మూసేస్తారు. ఆలోపల ఎటో తేల్చుకోవాలి. నువ్వు నిజం చెబితే వింటాను. లేదంటే నాణెం ఎగరేసుకుంటాను." అనేసి వెళ్లిపోయాడు.

రెండు రోజులు పెటా వచ్చినవాళ్లందరికీ కొండలు అమ్మింది. ఒక్క మాటా రుచించలేదు. శనివారం మధ్యాహ్నం కొట్టుకు తాళం వేసి, మామూలు బూట్లతోనే కొండెక్కింది.

పిల్లల వాలు కింద రోరీ తాళ్లు చుడుతున్నాడు. కరిగిన మంచులో ఆమె బూట్లు చప్పచప్పమన్నాయి.

"హొక్కైడో వెళ్లు," అంది, ఎదురుగా నిలబడి. "మూడింటిలో అదే నీకు మంచిది. నీకు కావలసిన పని అక్కడ బాగా నేర్పుతారు. మంచు కూడా నేను చెప్పినట్టే ఉంటుందట. దిగులూ గిగులూ అన్నీ నేను కల్పించినవి."

"బేరం అయిపోయిందా?"

"అయిపోయింది." ఆమె వెళ్లబోయి ఆగింది. "నువ్వు లేకపోతే నాకు బాగుండదు. అది సలహా కాదు. ఊరికే చెబుతున్నా."

"ఏమన్నావు? హెల్మెట్‌లో వినపడలేదు."

"హెల్మెట్ నీ చేతిలో ఉంది!"

రోరీ దాన్ని చూసుకుని, మంచులో పడేశాడు. "నిన్ననే హొక్కైడోకి సరే అన్నాను. జనవరిలో వారం సెలవు కావాలని కూడా అడిగాను."

"ఎందుకు?"

"ఎవరైనా చూడ్డానికి వస్తారేమోనని."

అంతలో పైనుంచి కేక వినిపించింది. గ్లెనిస్ బోర్డు మీద దూసుకొచ్చి, ఇద్దరినీ బురద మంచుతో తడిపేసి, పక్కనే కూలబడింది.

"ఏరా, పిల్ల నోరు విప్పిందా?"

"విప్పిందమ్మా."

"మరి నువ్వో?"

"ఇంకా లేదండీ," అంది పెటా, మొహం తుడుచుకుంటూ.

"అచ్చం వాళ్ల నాన్నే! రెండు చలికాలాలు నా వెనకే తిరిగి, చివరికి నాతోనే చెప్పించుకున్నాడు."

"అమ్మా, నువ్వు కాస్త అవతలికి వెళ్తే చెబుతాను."

"బోర్డులో బూటు ఇరుక్కుపోయిందిరా. కానివ్వు, నేను వినను."

రోరీ చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వంటే ఇష్టం పెటా. అమ్మ వచ్చేశాక మీ కొట్టుకు రావడానికి ఎన్ని అబద్ధాలు చెప్పానో! మా ఇంట్లో అసలు గొడుగే లేదు."

పెటా నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. గ్లెనిస్ గ్లవ్ తీసి, తడి చేత్తో ఆమె చెంప నిమిరింది.

"జనవరిలో నేను తీసుకెళ్తాను అమ్మాయ్. నీకు బోర్డు నేర్పే పూచీ నాది."

"బోర్డా? ఏమీ అక్కర్లేదు! నా పిల్లకి నేను నేర్పుకుంటాను!" అన్నాడు రోరీ గభాల్న.

ఆ మాట ముగ్గురూ విన్నారు. అన్నవాడే అందరికంటే ముందు బిత్తరపోయాడు.

పెటా అతని చెయ్యి పట్టుకుంది. "నేను స్కీలే నేర్చుకుంటానండీ," అంది, గ్లెనిస్ వైపు చూడకుండా.

"చూశారా, అప్పుడే మొగుడి పక్షం!" అంటూ గ్లెనిస్ మంచులో వెల్లకిలా పడి నవ్వింది.