మూడు చక్రాలకు చాలని సందు

ధర్మసాగర్ నీళ్లొడ్డున మా ఊరి కట్టబాట ఉన్నది సూడుండ్రి... పొద్దూకినంక అటు కుక్క గూడ పోకపోయేది. పగలంతా నడిచేటోళ్లు, సైకిళ్లోళ్లు, ఒకటే సందడి. చీకటి పడ్డదంటే మాత్రం — కిర్ర్... కిర్ర్... మూడు చక్రాల చప్పుడు.

రాజమల్లు దయ్యమనేటోళ్లు. పోలియోతోని కాళ్లు పడిపోయిన మనిషి. చేతులతోని తొక్కే బండి మీద ఆ బాట పొంటే తన రేడియో రిపేరు దుకాణానికి పోయేటోడు. ఎనభైలల్ల ఓ వానకాలం, కట్ట కింద నీళ్ల పక్క దారిల బండి జారి నీళ్లల్ల పడ్డడు. బండి దొరికింది గని పాణం దక్కలే.

ఆ చప్పుడు కట్ట మొదట్ల బండరాళ్లకాడికొచ్చి ఆగేది. అటెన్క ఏమైతదో విన్నోడు లేడు — అందరు ఉరుకుడే! ఆడ్నే ఎందుకాగుతదో చెరువును కాసుకుంట నీళ్లిడిచే నీరటి మొండయ్యకొక్కనికే ఎరుక.

ఎడ్లబండ్లు ఎక్కి కట్టను కరాబు చేస్తున్నయని, ఎవ్వలు లేవకముందు ఆ రాళ్లు దొర్లించింది ఆయననే. సైకిలోళ్లకని సందు ఇడిచిండు. తన సైకిలు హ్యాండిలు అడ్డంబెట్టి కొలిచిండు! మూడు చక్రాలది యాదికొస్తే గద... సందుల బండి పట్టకనే రాజమల్లు కింది దారికి మళ్లిండు.

రాళ్లు ఇరిగేషను ఆఫీసోళ్లు పెట్టిన్రని ఊరంతా అనుకున్నది. మొండయ్య నోరు మెదపలే. అప్పటిసంది బువ్వ సయిస్తలేదు, నిద్ర పడ్తలేదు. అయ్యో పాపమనకుండ్రి, ఆ నోరు అప్పుడే తెరవద్దా?

ఓనాడు పాణం ఆగక, చీకటి పడంగనే గడ్డపార పట్టుకొని పోయిండు. దాని మొన రాయి కిందికి దూర్చి ఎత్తుతాండు —

కిర్ర్... కిర్ర్...

చప్పుడు దగ్గరికొచ్చింది... రాళ్లకవతల ఆగింది. మొండయ్య కండ్లు గట్టిగ మూసుకున్నడు.

"తమ్మీ... రాళ్లు పెట్టింది నేనే. నీ బండి యాదికి రాలే. నిన్ను నేనే సంపుకున్న... తీసేస్తాన్న, నీ బాట నీకిస్తాన్న..."

టంగుమని బిందె కింద పెట్టిన సప్పుడు.

కండ్లు తెరిస్తే — సోమక్క! రాజమల్లు పెండ్లాం. సచ్చినోని బండి ముట్టొద్దని నలుగురు తిడ్తరని, చీకట్ల దాని మీద బోరింగు నీళ్లు తెచ్చుకుంటాంది. దినాం ఈడ బిందెలు దించి, బండిని పక్కకు వంచి, ఆ సందులకెల్లి ఈడ్చుకపోతాంది.

"ఎవలో ఆఫీసోళ్లను తిట్టుకుంట బతికిన..." అన్నది మెల్లగ. "నువ్వా... బావా?"

మొండయ్యకు, వచ్చింది దయ్యమైనా బాగుండనిపించింది.