చల్లారని గింజలు

నక్కవాగు పొంగి భానూరు కింది పొలాలన్నీ మునిగిన ఏడే మహిత ఆఫ్రికాలోని మలావికి పోయింది. అక్కడి రైతులకు విత్తనం దాచుకోవడం నేర్పే రెండేళ్ల స్వచ్ఛంద సేవ. "పటాన్‌చెరు ఫ్యాక్టరీల ల్యాబు నౌకరి మాట్లాడి పెట్టిన, పోవద్దు" అన్నాడు తండ్రి శ్రీశైలం. ఆమె వినలేదు. ఆనాటి నుంచి ఆయన బిడ్డతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఏడాది గడిచింది. ఒక ఉదయం ఆయన వాకిట్లో చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. భార్య ధనలక్ష్మి స్పీకర్ పెట్టింది.

"అమ్మా, సర్వీసు సగమైనంక ఇచ్చే ట్రైనింగుకు వచ్చిన. సరస్సు ఒడ్డున క్యాంపు. ఏడాదిల ఏం జేసినమో నిన్న వాలంటీర్లందరం నిలబడి చెప్పినం. ఇగ ఈడ ఉండలేమనేటోళ్లు రేపు సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు."

"నువ్వేం చెప్పినవ్ బిడ్డా?"

"నలభై ఇండ్ల జొన్న విత్తనం ఖరాబు జేసిన అని చెప్పిన. ఎండబెట్టినం, బూడిద, వేపాకు కలిపినం, కుండలు నింపి మూతులకు మట్టి మెత్తినం. అంతా నాయన జేసినట్టే! తెరిస్తే బూజు. నాతోని కాదమ్మా. రేపు సంతకం పెట్టి వచ్చేస్త."

ఏడాదిగా ఆయన కోరుకున్న మాట అదే. అయినా చాయ్ గ్లాసు సగంలోనే కింద పెట్టేశాడు. ఎండిన గింజను రాత్రంతా నీడలో చల్లార్చాలి. వెచ్చగా పోస్తే కుండ లోపల చెమట పడుతుంది. ఇంట్లో ఆయన కుండలు నింపేది తెల్లవారుజామున, మహిత లేవకముందే. ఆ పిల్ల ఎండబెట్టడం చూసింది, చల్లార్చడం చూడలేదు.

ఫోన్ పెట్టేసి ధనలక్ష్మి ఆయన వైపు తిరిగింది. "ఖుషీనా? గెలిచినవ్ గదా!"

"చల్లార్చలే. గంతే తప్పు" అన్నాడు మెల్లగా.

"కుండలు నింపేనాడు ఫోన్ జేసింది గదా! 'నాయనకు ఒక్కసారి ఇయ్యమ్మా, అడిగేదుంది' అని ఎంత బతిమాలింది! పక్కనే కూసోని చెయ్యి అడ్డం ఊపినవ్. యాదికుందా?"

యాదికుంది.

"నీ పంతం నా మీద జూపియ్యి, బిడ్డ మీద జూపియ్యి. ఆ నలభై ఇండ్లోళ్లు నీకేం జేసిండ్రయ్యా? వాగుల మన విత్తనం కొట్టుకపోయిననాడు గట్టు మీద కూలబడి ఎట్ల ఏడ్చినవ్!"

ఆయన లేచి అటుక మీది జొన్న కుండ దించి, గింజలన్నీ డాబా మీద ఎండకు పరిచాడు. పొద్దుగూకాక వసారా నీడలోకి చేర్చాడు.

మర్నాడు పొద్దున్నే, బిడ్డ అక్కడ నిద్ర లేచే వేళ దాకా ఆగి, భార్య ముందు ఫోన్ పెట్టాడు. "వీడియో కలుపు."

"అమ్మా?"

"అమ్మ గాదు బిడ్డా. నేను."

అవతల ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు.

"సంతకం పెట్టినవా?"

"ఇంకా లేదు నాయనా."

"తప్పు నాది. నువ్వు అడిగిననాడు నోరు తెరవలే. జెర గిటు సూడు. గింజ చెంపకు సల్లగ తగలాలె. గప్పుడే కుండల పొయ్యాలె. ఆ ఇండ్లోళ్లకు గూడ చూపియ్యి."

గుప్పెడు జొన్నలు తీసి చెంపకు ఆనించుకున్నాడు. చెయ్యి దించినా నాలుగు గింజలు చెంప మీది కన్నీటి తడికి అక్కడే అంటుకుని ఉన్నాయి.